మోగని కబురు

డిపో విశ్రాంతి గది, ఫ్యాను కింద బెంచీ
ఫిబ్రవరి

మరదలికి,

వదిన రాసేది. కంగారు పడకు, ఇంట్లో అందరం బాగున్నాం. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో, నవ్వుకో. తప్పు నీదే. ఫోన్ చేద్దామంటే నేను బస్సు దిగే వేళకి నువ్వు చెవులకి ఏదో తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటావు. నువ్వు లేచే వేళకి నా చేతిలో స్టీరింగ్ ఉంటుంది. పోనీ, లోకమంతా వాడే ఆ పెద్ద యాప్‌లో, అదే నువ్వు పెద్దంగడి అని తిట్టిపోసే దాంట్లో, నాలుగు ముక్కలు పెడదామంటే నువ్వు అందులో ఉండవు. సిద్ధాంతం! సరేనమ్మా, నీ ఇంటికే వస్తానని నువ్వూ నీ స్నేహితులూ కలిసి తయారుచేసిన ‘కబురు’ యాప్ దింపుకున్నాను. నన్ను చూడగానే అది “మీ సర్వర్‌ని ఎంచుకోండి” అంది. ముప్పై పేర్లు చూపించింది. ఒకటి నొక్కితే “ఈ సర్వర్ సెలవులో ఉంది” అంది. ఇంకోటి నొక్కితే ఇరవైనాలుగు మాటలు ఇచ్చి, వీటిని ఎవరికీ చూపించకుండా దాచుకో, పోగొట్టుకుంటే ఎవరూ తెచ్చివ్వలేరు అంది. రాసుకునేలోపు తెర ఆరిపోయింది.

చివరికి వెళ్ళి స్టాంపు కొన్నాను. తడిపి అంటిస్తే అతుక్కుంది. సర్వర్ ఏదని అడగలేదు.

అసలు సంగతి విను. మా డిపోలో కొత్త డ్యూటీ చార్టు పెట్టారు. రాత్రి ఆఖరి ట్రిప్పు తిప్పినవాళ్ళే తెల్లారి మొదటి ట్రిప్పు తీయాలి. మధ్యలో ఇంటికెళ్ళి, తిని, పడుకుని, లేచి, మళ్ళీ రావాలి. నిద్రకి మూడు గంటలు మిగిలితే మహాభాగ్యం. ఇప్పుడు ప్రయోగం అంటున్నారు, సెప్టెంబరులో ఖాయం చేసేస్తారట. అరవైమంది డ్రైవర్లం ఒకేరోజు “దీని మీద సంతకం పెట్టం” అంటే మా మేనేజరు ఏమీ చేయలేడు. ఒక్కొక్కరం అంటే ఒక్కొక్కరినీ ఏరేస్తాడు. ఒక్కమాట మీద ఉండాలంటే ముందు ఆ మాట అనుకోవడానికో చోటు కావాలి కదా? మేం ఎప్పుడూ సగంమంది రోడ్డు మీదే ఉంటాం. ఉన్న గ్రూపేమో ఆఫీసువాళ్ళు డబ్బు కట్టి పెద్దంగడిలో పెట్టించింది. అందులో మేం తుమ్మినా మేనేజరు “చిరంజీవ” అంటాడు.

నీ యాప్‌లో ఎవడూ తొంగిచూడడని నువ్వే చెప్పావు. మాకో గది ఇప్పించు తల్లీ.

నీ వదిన


నా గది, మూడో అంతస్తు, కర్టెన్లు వేసి
మార్చి

వదినగారికి,

మీ ఉత్తరం చదివి ఎంత పొంగిపోయానో చెప్పలేను. మూడేళ్ళుగా మేం ఎవరి కోసం రాత్రింబవళ్ళు దీన్ని కడుతున్నామో, ఆ మనిషి మా ఇంట్లోనే ఉందని ఇప్పుడు తెలిసింది!

కబురు ఎవరి సొత్తూ కాదు వదినా. దాని లోపలి రాత, అదే కోడ్, మొత్తం బయటే ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, దిద్దచ్చు, నచ్చకపోతే తమ కాపీ తాము పెట్టుకోవచ్చు. మాలో ఎవరికీ జీతం లేదు. పగలు ఉద్యోగాలు చేసుకుని, మిగిలిన టైములో చేస్తాం. సర్వర్ ఎంచుకోమని అడగడం వేధింపు కాదు, స్వేచ్ఛ. పెద్దంగడివాడు మిమ్మల్ని అడగడు. ఎందుకు అడగడు? మీరు వాడి కొట్టులో సరుకు కాబట్టి. ఇరవైనాలుగు మాటలు కూడా మీ తాళంచెవి అన్నమాట. ఇంటి తాళంచెవి మీరు వీధిలో ఎవరికో ఇస్తారా?

ఆ పెద్దంగడి గడప నేను తొక్కను, మీకు తెలుసు. మీ అరవైమందినీ తీసుకురండి. ఏదైనా తెలియకపోతే మా గైడు చదవండి, అరవై పేజీలే. తలకో పేజీ!

మీ మరదలు


డిపో, టైర్ల షెడ్డు వెనక
ఏప్రిల్

తత్వవేత్తగారికి,

నీ స్వేచ్ఛలోకి పదకొండుమందిని తోలుకెళ్ళాను. ఎలా ఉందో చెప్తాను, గట్టిగా కూర్చో.

మా దగ్గర హారన్ అని ఒకాయన ఉన్నాడు. గొంతు వల్ల వచ్చిన పేరు. మంచివాడు, ఎవరికి కష్టమొచ్చినా ముందుంటాడు. ఆయన తన ఇరవైనాలుగు మాటలూ మర్చిపోతానేమోనని విశ్రాంతి గదిలో నోటీసు బోర్డు మీద సుద్దతో రాసిపెట్టాడు. మెకానిక్ అది చూసి కవిత్వమనుకుని, “రెండో లైను బాగుంది, మిగతాది అర్థం కాలేదు” అన్నాడు.

ఎలాగో లోపలికి వెళ్ళాం. నేను మూడు పేరాలు రాశాను. నా తర్వాత చేరినవాళ్ళందరికీ దాని బదులు “ఈ సందేశాన్ని విప్పలేకపోయాం” అని కనిపించింది. లైనుకొకటి చొప్పున పన్నెండుసార్లు అదే మాట, కిందకి కిందకి. పెద్దంగడిలో మాటకి బదులు గొంతు పంపుతాం, మా చేతులకి ఎప్పుడూ గ్రీజేనాయె. ఇందులో అది లేదు. పోనీ అవన్నీ భరిస్తాం. నీ యాప్ మోగదేమే! మెసేజ్ వస్తే చప్పుడు లేదు, గుర్తు లేదు. మాకు ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దొరికేది పది నిమిషాలు. అందులో ఫోను మోగితే చూస్తాం. మోగనిదాన్ని తెరిచి, ఎవరైనా ఏమైనా అన్నారా అని వెతుక్కునే ఓపిక ఎవరికుంది? వారం తిరిగేసరికి అందులో నేనూ, నా మూడు పేరాలూ మిగిలాం.

అప్పుడు హారన్‌కి ఆవేశం వచ్చింది. అందరినీ మళ్ళీ పిలవాలనుకున్నాడు. అందరూ ఎక్కడున్నారు? ఆఫీసు గ్రూపులో. అందులో పెట్టాడు మహానుభావుడు: “అందరూ కబురు యాప్‌లోకి రండి. చార్టు సంగతి రహస్యంగా మాట్లాడుకోవాలి. మేనేజరుగారికి తెలియనివ్వద్దు.”

మొదటి లైకు మేనేజరుగారిదే.

మర్నాటి నుంచి హారన్ క్వారీ రూటులో ఉన్నాడు. రోజంతా దుమ్ము, మనిషి బూడిదలో బొర్లిన గాడిదలా వస్తున్నాడు. ఇప్పుడు తతిమ్మావాళ్ళు నోరెత్తడానికి భయపడుతున్నారు. ఆ మోగే గంట సంగతి చూడు మరదలా. మిగతావి తర్వాత.

వదిన


మూడో అంతస్తు
మే

వదినా,

హారన్‌గారి విషయం బాధగానే ఉంది. కానీ ఒకటి అడగనా? గైడులో పదిహేడో పేజీలోనే రాశాం, తాళం మాటలు బహిరంగంగా రాయకూడదని. మనుషులు చదవకపోతే యాప్ ఏం చేస్తుంది? స్వేచ్ఛ కావాలనుకునేవాళ్ళు కొంచెం కష్టపడాలి కూడా.

గంట చిన్న విషయం కాదు. ఫోన్ మోగాలంటే మా మెసేజ్ ఆ ఫోన్ తయారుచేసిన కంపెనీవాళ్ళ తలుపు గుండా పోవాలి. ఏం వచ్చిందో తెలియకపోయినా, ఎవరికో ఏదో వచ్చిందని వాళ్ళకి తెలుస్తుంది. ఇది విలువల ప్రశ్న. మాలో ఒకతన్ని గడ్డం అంటాం. లోపలి తాళాలన్నీ అతనే కట్టాడు. అతను గంటకి ఒప్పుకోడు. రంగులు చూసే ఆయన ఉన్నాడు, గంట గుర్తు నీలమా ఊదానా అన్నది తేలకుండా ఓటు వేయనంటాడు. చర్చ ఏడాదిన్నరగా నడుస్తోంది. కిందటి వారం గడ్డం అలిగి, యాప్ మొత్తాన్ని కాపీ తీసుకుని ‘అసలు కబురు’ అని వేరు కాపురం పెట్టాడు. నేను ఎంత నలిగిపోతున్నానో మీకు అర్థం కాదు.

కాస్త ఓపిక పట్టండి.

మరదలు


ఇల్లు
జూన్

మరదలికి,

ఉత్తరం అందింది. సరే.

వదిన

చెల్లీ, అన్నయ్యని. పోస్టు చేయమని ఇస్తే కవరు విప్పి రాస్తున్నాను, మీ వదినకి చెప్పకు. అది నీతో చెప్పదు, నాతోనూ చెప్పలేదు, మెకానిక్ చెప్పాడు. కిందటి సోమవారం పొద్దున్న మొదటి ట్రిప్పులో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు దానికి కన్ను అంటుకుపోయింది. బ్రేకు మీద కాలు జారి బస్సు ముందుకెళ్ళి దీపస్తంభాన్ని గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు. స్తంభం పక్కనే బడిపిల్లలు నిలబడి ఉన్నారట. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. అన్నం ముందు కూర్చుని అలాగే చూస్తుంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు కదా, మీ చర్చలు నాకలాగే ఉన్నాయమ్మా. నీలమో ఊదానో తొందరగా తేల్చండి.


మూడో అంతస్తు
జూన్ ఆఖరు

వదినా,

అన్నయ్య మీద కోప్పడకండి. మీకు చెప్పద్దన్నాడు, నేనే దాచలేకపోయాను. మీకేమైనా అయ్యుంటే? ఆ పిల్లలకేమైనా అయ్యుంటే? నేను మీకు పదిహేడో పేజీ చదవమని రాశాను. ఛీ, ఏం మనిషిని!

ఓటూ లేదు, గీటూ లేదు. గంట నేనే పెడతాను. రాత్రి మొదలుపెట్టాను, సగం పలుకుతోంది. ఈలోగా ఎక్కడైనా చిక్కుకుంటే ఉత్తరాల కోసం ఆగద్దు. యాప్‌లో కుడివైపు కింద ‘సహాయం’ అని బటన్ ఉంది, అది నొక్కండి. మేమంతా ఎప్పుడూ అక్కడే ఉంటాం.

మీ మరదలు


డిపో, నా బస్సులోనే, డ్రైవరు సీట్లో
జూలై

మహాతల్లికి,

నొక్కాను.

నువ్వు చెప్పావు కదా, కుడివైపు కింద ఉందని. ఉంది. నొక్కితే చక్కగా తెరుచుకుంది. ఏం తెరుచుకుందనుకున్నావు? పెద్దంగడి! “కబురు నిర్మాతల గ్రూపుకి స్వాగతం” అని పైన రంగురంగుల బొమ్మ. సర్వర్ అడగలేదు, ఇరవైనాలుగు మాటలు అడగలేదు, ఒక్క నొక్కుకి లోపలున్నాను. మీ ముఠా అంతా అక్కడే. మూడేళ్ళ మాటలు, ఒక్కటి కూడా “విప్పలేకపోయాం” అనలేదు. గడ్డం ఉన్నాడు. అలిగి వేరు కాపురం పెట్టినవాడు ఆ గొడవ కూడా అక్కడే పెట్టుకున్నాడు. రంగులాయన ఉన్నాడు. పిల్లి బొమ్మ పెట్టుకుని నువ్వూ ఉన్నావు. గడప తొక్కవుగా? ఓహో, కిటికీలోంచి దూకావేమో!

నవ్వాను. ఒట్టు, ముందు నవ్వే వచ్చింది. సీట్లో కూర్చుని ఒక్కదాన్నే నవ్వుతుంటే మెకానిక్ వచ్చి, ఏమైందక్కా అని అడిగాడు. ఇంతకాలం నన్ను కొత్తింట్లోకి రమ్మని పిలిచి, నువ్వు పాతింట్లోనే కాళ్ళు చాపుకుని పడుకున్నావు కదే! మీ వంట మీరు తినరు. ఉప్పు లేదని మీకెలా తెలుస్తుంది?

తర్వాత పైకి పైకి చదివాను. చదవకుండా ఉండాల్సింది. ఏప్రిల్‌లో గడ్డం రాశాడు, “నలుగురు బస్సు డ్రైవర్ల కోసం మన విలువలు వదులుకోలేం” అని. దాని కింద బొటనవేలు ఎత్తిన పిల్లి.

గంట లేదన్నందుకు నాకు కోపం రాలేదు. మీరెవరూ జీతానికి చేయడం లేదని నాకు తెలుసు, ఊరికే వచ్చినదానికి వంకలు పెట్టకూడదని కూడా తెలుసు. ఆ బొటనవేలు మాత్రం గుచ్చుకుంది.

సంతకాలు సెప్టెంబరు ఒకటిన. మేం వేరే దారేదో చూసుకుంటాం.

వదిన


మూడో అంతస్తు, కర్టెన్లు తీసి
ఆగస్టు

వదినా,

సర్దిచెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. పిల్లి నాదే, వేలూ నాదే. ఆ రోజు గడ్డంతో గొడవెందుకులే అని నొక్కాను. మిమ్మల్ని నలుగురిలో ఒకరిగా తీసిపారేశాను. నన్ను క్షమించండి.

మేం పెద్దంగడిలో ఎందుకున్నామో తెలుసా? అక్కడ మోగుతుంది. అంతే వదినా, ఇంకే సిద్ధాంతమూ లేదు.

మీ ఉత్తరం ఫోటో తీసి ఆ గ్రూపులోనే పెట్టాను. ముందు రంగులాయనే, “ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?” అన్నాడు. ఆ సాయంత్రమే గ్రూపు మూసేశాం. ఇక మాట్లాడుకుంటే కబురులోనే, లేకపోతే మౌనవ్రతం.

మౌనవ్రతమే అయింది! మొదటిరోజు ఒకరికొకరు దొరకలేదు. ఎవరు ఏ సర్వర్‌లో ఉన్నారో ఎవరికీ తెలియదు. రంగులాయన తన ఇరవైనాలుగు మాటలు పారేసుకున్నాడు, తాను వేసిన బొమ్మల్లోకి తానే వెళ్ళలేకపోయాడు. నేను రాసిన ముఖ్యమైన మెసేజ్ ఇద్దరు చూసేసరికి మూడు రోజులు పట్టింది. యాప్ పాడైపోయింది, సాయం చేయండి అన్న మెసేజ్ అది. గడ్డం తన అసలు కబురు వదిలేసి తిరిగొచ్చాడు. అక్కడ పోట్లాడటానికి మనిషి దొరకలేదట. వచ్చినవాడు వేసిన మొదటి ప్రశ్న: “ఇది మోగదేం?”

నేను సగంలో ఆపిన గంట ఉండనే ఉంది, ఏడాదిన్నర చర్చ వారంలో తేలింది. ఎవరు, ఏమిటి అని చెప్పకుండా ఉత్త గంట మాత్రం ఆ కంపెనీ తలుపు గుండా పంపుతాం. మాట మన దారినే వస్తుంది. ఆ ఉపాయం గడ్డానిదే. తన దాకా వస్తేగానీ ఎవరికీ తెలియదు వదినా, మాకు మరీ ఆలస్యంగా వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళకి ఇప్పుడు పాత మాటలు కనిపిస్తాయి, లోపలున్నవాళ్ళు ఒప్పుకుంటే. గొంతు పంపచ్చు. గోల చేసేవాళ్ళని బయటికి పంపచ్చు. ఈ కవర్లో చిన్న చీటీ పెట్టాను. దాని మీద గళ్ళ బొమ్మకి ఫోను చూపిస్తే నేరుగా మీ గదిలోకి వెళ్తారు. సర్వర్ అడగదు, మాటలు అడగదు. దారిన పోయేవాళ్ళెవరైనా సొంతంగా వస్తే మాత్రం ఇంకా పాత దారే ఉంది, దాన్ని బాగుచేసే టైము దొరకలేదు.

మీరు వాడతారో వాడరో మీ ఇష్టం. నీలం, ఊదా గొడవ ఇంకా తేలలేదు. అందుకే గంట గుర్తుకి ఏ రంగూ వేయలేదు.

మీ మరదలు


ఇల్లు, వంటింటి బల్ల
సెప్టెంబరు

మరదలికి,

ఇది యాప్‌లో రాయడం లేదు. అందులో గోడలకి చెవులుండవని నువ్వెంత ఒట్టేసినా, మా హారన్‌కి నోరుంది.

నీ చీటీ మెకానిక్‌కి ఇచ్చాను. వాడు దాన్ని పెద్దగా అచ్చు వేయించి పిట్ లోపల, అదే బస్సుల అడుగు బాగుచేసే గుంటలో, గోడకి అంటించాడు. మేనేజరు తెల్లచొక్కా మనిషి, పిట్‌లోకి దిగడు. బండి తనిఖీకి దిగిన ప్రతి డ్రైవరూ చీటీకి ఫోను చూపించి పైకొచ్చాడు. నాలుగు రోజుల్లో అరవైమంది. హారన్‌ని మాత్రం నేనే చెయ్యి పట్టుకుని చేర్పించి, పెద్దంగడి వైపు వెళ్తే వేలు విరుస్తానని చెప్పాను.

ముప్పై ఒకటో తేదీ సాయంత్రం ఒక్క మాట పెట్టాను: “రేపు చార్టు మీద సంతకం పెట్టనివాళ్ళు చెప్పండి.” పెట్టి, ఫోను బల్ల మీద పెట్టి కూర్చున్నాను. ఎవరూ పలకరని భయం వేసింది మరదలా, నిజం చెప్తున్నా. మోగింది. హారనే, ఇంకెవరు! “నేను పెట్టను” అని గొంతుతోనే పంపాడు, పక్కింటివాళ్ళకి కూడా వినిపించింది. మళ్ళీ మోగింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. మీ అన్నయ్య వచ్చి ఏమిటీ మోత, తలనొప్పి అన్నాడు. మోగనీ, అన్నాను. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

మర్నాడు మేనేజరు తన ముందు చార్టు పరిచి కలం పెట్టాడు. ఒక్కొక్కరం వచ్చాం, నమస్కారం పెట్టాం, వెళ్ళిపోయాం. కలం మూత కూడా ఎవరూ తీయలేదు. ఆయన ఆఫీసు గ్రూపు తెరిచి కిందా మీదా చూసుకున్నాడు, అందులో పది రోజులుగా శుభోదయం పూలబొమ్మలు తప్ప ఏమీ లేవు. మధ్యాహ్నానికి చార్టు వెనక్కి తీసుకున్నాడు. రాత్రి ట్రిప్పు తీసినవాళ్ళకి పొద్దున్న ట్రిప్పు లేదు. హారన్ క్వారీ రూటు నుంచి బయటపడ్డాడు. స్నానం చేసి వస్తే ఎవరూ గుర్తుపట్టలేదు.

అసలు కథ ఇప్పుడు వస్తోంది. నిన్న మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, “ఏమ్మా, మీరేదో యాప్ వాడుతున్నారటగా. మా మేనేజర్ల గ్రూపు మొత్తం హెడ్డాఫీసువాళ్ళు చదువుతున్నారమ్మా. ఏం మాట్లాడుకోవడానికీ లేదు. మమ్మల్ని కూడా రాత్రిళ్ళు పని చేయమంటున్నారు. అందులో మేం చేరచ్చా?” అన్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! పాపం, మొహం చూస్తే జాలేసింది. కబురు ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా రావచ్చు, నువ్వే కదా చెప్పావు. కాదనడానికి నేనెవర్ని?

గళ్ళ చీటీ నా జేబులోనే ఉంది. అయినా హారన్ తిన్న దుమ్ము గుర్తొచ్చింది.

“తప్పకుండా సార్. ముందు మీ సర్వర్‌ని ఎంచుకోండి” అన్నాను.

నీ వదిన

చెల్లీ, మళ్ళీ అన్నయ్యనే. ఈసారి కవరు విప్పలేదు, అంటించకుండానే బల్ల మీద వదిలేసి వెళ్ళి పడుకుంది. పొద్దెక్కింది, ఇంకా లేవలేదు. ఫోను రెండుసార్లు మోగితే తీసుకెళ్ళి పక్కగదిలో పెట్టాను. లేపబుద్ధి కావడం లేదమ్మా. దీన్ని నేనే పోస్టులో వేసి వస్తాను.